దేశం చుట్టి వచ్చిన దుప్పటి

టెక్సస్‌లోని ఫ్రిస్కో తెలుగు క్రైస్తవ సంఘంలో సుందర్ రాజ్‌కి మూడు పదవులున్నాయి. మొదటిది కార్యదర్శి. రెండోది దుబాసీ, తెలుగు రాని అతిథి ఎవరొచ్చినా పక్కన నిలబడి వాళ్ళ మాట మనకీ, మన మాట వాళ్ళకీ అందించాలి. మూడోది ఏ కాగితం మీదా లేదు కానీ ఆయన ప్రాణం దాని మీదే. ఆయన శాలువాల ఇన్‌ఛార్జి.

శాలువా సంగతి తెలుగువాళ్ళకి విడమరిచి చెప్పాలా? మనకి ఒక మనిషి మీద గౌరవం పుడితే ముందు చెయ్యి శాలువా మీదికే పోతుంది. వేదిక మీదికి పిలుస్తాం, కప్పుతాం, ఫోటో తీస్తాం. కప్పించుకున్న పెద్దమనిషి రెండు నిమిషాలు చెమటలు కక్కి, కిందికి దిగగానే మడతపెట్టి సంచిలో వేసుకుంటాడు. ఇంటికెళ్ళి బీరువాలో దాస్తాడు. తన వంతు వచ్చినప్పుడు దాన్నే ఇంకో పెద్దమనిషికి కప్పుతాడు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అమెరికాలో శాలువా కావాలంటే ఎవరో ఇండియా వెళ్ళి రావాలి, అదీ సూట్‌కేసులో పచ్చళ్ళు పోగా చోటు మిగిలితే. కాబట్టి ఉన్నవాటినే తిప్పుకోవాలి.

సుందర్ రాజ్ గరాజ్‌లో నీలం మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటుంది. అందులో పదకొండు శాలువాలు. జరీ అంచు మెరూన్ శాలువా ఒకటి ఊళ్ళన్నీ తిరిగి మూడుసార్లు ఆయన దగ్గరికే వచ్చింది. వచ్చినప్పుడల్లా పుట్టింటికొచ్చిన ఆడపిల్లని చూసినట్టు మురిసిపోయేవాడు.

ఇదొక సుందర్ రాజ్. ఇంకో సుందర్ రాజ్ ఆఫీసులో కనిపిస్తాడు.

అమెరికా వచ్చి ఇరవై నాలుగేళ్ళయినా, ఎవరైనా "ఓ, ఇండియానా? హిందీ మాట్లాడతారు కదా" అంటే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "క్రిస్టియనా? ఎప్పుడు మారారు?" అన్నవాడి పని ఇక అయిపోయినట్టే. వాడి చేతిలో కాఫీ చల్లారేదాకా వదలడు. భాష తెలుగు. జిల్లా కృష్ణా. ఊరు పామర్రు దగ్గర కొండిపర్రు. మారింది తను కాదు, తన ముత్తాత. పంటకాలవలో బాప్తిస్మం తీసుకున్నాడు, ఆ రోజు కాలవలో మెడలోతు నీళ్ళున్నాయి. అంతా చెప్పి, "మమ్మల్ని తీసుకెళ్ళి అందరిలో కలిపేయకండి" అని ముగిస్తాడు. తోటి తెలుగువాళ్ళు ఆయన్ని సగం కలుపుకుంటారు, తెల్ల క్రైస్తవులు ఇంకో సగం కలుపుకుంటారు, మొత్తంగా కలుపుకునేవాళ్ళు ఎవరూ లేరని ఆయన బాధ. ఆ బాధలో అబద్ధం లేదు.

ఇంత పట్టింపు ఉన్న మనిషి చేసిన నిర్వాకం వినండి.

కిందటేడు ఫిబ్రవరిలో ఆయనకి బైపాస్ జరిగింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఆరు వారాలపాటు, వారానికి మూడుసార్లు ఒక నర్సు వచ్చి చూసి వెళ్ళేది. పేరు పులేంగ్. యాభై దాటిన మనిషి, గట్టి చేతులు, మెత్తని మాట. మొదటిరోజు బీపీ చూస్తూ "మీదెక్కడ?" అని ఇంగ్లీషులో అడిగింది.

"ఇండియా," అన్నాడు సుందర్ రాజ్. ఉపన్యాసం చెప్పే ఓపిక ఆ రోజు లేదు.

"ఇండియా నాకు తెలుసు. మీ ఊరేది?"

ఇరవై నాలుగేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి పరాయి మనిషి ఆవిడే. సుందర్ రాజ్‌కి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఛాతీ మీద కుట్లు లాగుతున్నా సరే, కాలవ దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. ఆవిడ విన్నది. విని ఊరుకోలేదు, గుర్తుపెట్టుకుంది. రెండోసారి వచ్చినప్పుడు "కొండిపర్రులో ఇప్పుడేం పంట?" అని అడిగింది. పేరు మనలో కొందరికన్నా శుభ్రంగా పలికింది.

నడవమంటే ఆయనకి భయం. గుండె ఆగిపోతుందేమోనని నాలుగడుగులకే గోడ పట్టుకునేవాడు. పులేంగ్ ఆయన మోచెయ్యి పట్టుకుని, "ఇప్పుడు మీ చర్చి దాటాం, కాలవ గట్టు దాకా నడుద్దాం," అనేది. కాలవ గట్టు అంటే ఫ్రిజ్. ఆ తర్వాతిసారి రచ్చబండ అంటే మెయిల్‌బాక్స్. అలా ఆరు వారాల్లో సుందర్ రాజ్ ఫ్రిస్కోలో తన ఇంటి చుట్టూ కొండిపర్రు మొత్తం నడిచాడు. బతికాడు.

ఆ ఆరు వారాల్లో ఆయన ఆవిణ్ణి "మీ ఊరేది?" అని ఒక్కసారి కూడా అడగలేదు. సంఘంలో అందరికీ "ఆఫ్రికా సిస్టర్" అని చెప్పాడు. ఎవరైనా గుచ్చి అడిగితే "సౌత్ ఆఫ్రికా అనుకుంటా" అనేవాడు.

చివరి రోజు పులేంగ్ ఒక దుప్పటి తెచ్చింది. ముదురు నీలం రంగు, ఆవపువ్వు రంగు చారలు, మధ్యమధ్య మొక్కజొన్న కంకుల బొమ్మలు. మందపాటి ఊలు. ఒక మూల చిరిగితే ఎర్ర దారంతో ఓపిగ్గా కుట్టిన అతుకు.

"మా నాన్నది," అందావిడ. "ఫోన్లో మీ గురించి చెప్తే, వచ్చేవాళ్ళతో పంపించాడు. ఈ కుట్టు మా అమ్మ వేసింది. ఆవిడ ఇప్పుడు లేదు. అంత దూరం వెళ్ళి వెనక్కి వచ్చిన మనిషికి ఇది కప్పాలన్నాడు నాన్న."

ఆవిడే ఆయన భుజాల చుట్టూ కప్పింది. సుందర్ రాజ్ దేవునికి స్తోత్రం అన్నాడు. ఆయన భార్య రూతు ఫోటో తీసింది. పులేంగ్ వెళ్ళిపోయింది. కప్పారు, ఫోటో అయింది. ఇంక అది శాలువాయే కదా. ఆయన చేతులు వాటి అలవాటు ప్రకారం దాన్ని నాలుగు మడతలు పెట్టి నీలం మూత డబ్బాలో వేశాయి. ఆ వేసవిలో జార్జియాలోని కమ్మింగ్ నుంచి పాస్టర్ మోజెస్ గారు ప్రసంగానికి వస్తే, పెద్ద మనిషికి కాస్త బరువైన శాలువా ఉండాలని దాన్నే తీసి కప్పాడు.

తర్వాత దాన్ని మర్చిపోయాడు. ఈ జూన్‌లో ఒక సోమవారం పులేంగ్ ఫోన్ చేసేదాకా.

"మా అబ్బాయి గ్రాడ్యుయేషన్‌కి నాన్న వచ్చాడు," అంది. "ఈ ఆదివారం మీ సంఘానికి తీసుకొస్తాను. మీరు దుప్పటి కప్పుకుని ఉండగా చూడాలట. అమెరికాలో ఆయన అడిగింది అదొక్కటే. నలభై ఏళ్ళు పిల్లలకి భూగోళం చెప్పిన మాస్టారు. మీ కొండిపర్రు కోసం తన అట్లాసంతా వెతికాడు. దొరకలేదు. తెగ సంతోషపడ్డాడు, ఎందుకంటే మా ఊరు కూడా అందులో లేదు."

"మీ ఊరు..." అని ఆగాడు సుందర్ రాజ్. పదహారు నెలల తర్వాత ఏ మొహంతో అడుగుతాడు? "...చాలా దూరమా?"

"చాలా," అంది పులేంగ్.

ఫోన్ పెట్టేశాక, బాగుచేయించుకున్న గుండెలో రాయి పడింది.

"ఆ రోజే చెప్పా కదండీ, అది శాలువా కాదు దుప్పటి అని," అంది రూతు.

"ఎప్పుడు చెప్పావు?"

"మీరు మడతపెట్టేటప్పుడే. మీకు శాలువాల విషయంలో నా మాట చెవికెక్కుతుందా? సర్లెండి, లెవిని ఒక మాట అడగండి. క్రిస్మస్ వస్తే దేశంలో ఉన్న తెలుగు చర్చిలన్నీ తిరిగి పాడొస్తాడు కదా, ఎక్కడైనా చూసుంటాడు."

లెవి అంటే సంఘంలో గాయక బృందం నడిపే కుర్రాడు. ముప్ఫై నాలుగేళ్ళవాడు, హుషారైనవాడు, పన్నెండు మైళ్ళ దూరంలో ఉంటాడు. ఆ మధ్య కమిటీ మీటింగ్‌లో లేచి "అంకుల్, శాలువాలకి ఒక ఎక్సెల్ షీట్ మెయింటెయిన్ చేద్దాం, ఎవరికి ఏది వెళ్ళిందో ట్రాక్ చేయొచ్చు" అన్నాడు. ఆ రోజు నుంచి సుందర్ రాజ్ దృష్టిలో లెవి డబ్బా మీద కన్నేసినవాడు.

"లెవినా? శాలువా పోయిందని వాడితో చెప్పడం కన్నా డబ్బా తాళం వాడి చేతికిచ్చెయ్యడం నయం," అన్నాడు.

"డబ్బాకి తాళం ఎక్కడుందండీ?" అంది రూతు.

ఆయన వినలేదు. గరాజ్‌లోకి వెళ్ళి, కారులో కూర్చుని, తలుపులు వేసుకుని, కమ్మింగ్‌కి ఫోన్ చేశాడు.

"వందనాలు బ్రదర్!" అన్నారు మోజెస్ గారు. "ఎందుకు గుర్తులేదు, ఆ బరువు మర్చిపోయేదా? మా పిల్లల పద్యాల పోటీకి జడ్జిగా వచ్చిన ఛాయాదేవి గారికి కప్పేశాం. వర్జీనియాలో హెర్న్‌డన్ ఆవిడది. ఏం బ్రదర్, దానికేమన్నా పురుగు పట్టిందా?"

మంగళవారమంతా ఛాయాదేవి గారు దొరకలేదు. బుధవారం దొరికారు. డెబ్భై ఏళ్ళావిడ, అక్కడి పిల్లలకి శనివారాలు తెలుగు నేర్పుతుంది.

"నాకు ఊలు పడదు నాయనా, ఒళ్ళంతా దద్దుర్లు," అందావిడ. "పిల్లలు ప్రేమగా కప్పారు కదాని ఫోటో అయ్యేదాకా ఓర్చుకున్నా. మా పక్కింటి క్రిస్టీ వాళ్ళ చర్చిలో క్రిస్మస్‌కి శాలువాలు చాల్లేదంటే ఇచ్చేశా. మీవాళ్ళే కదా, మీకూ మీకూ తెలిసే ఉంటుందిలే."

దేశంలో ఉన్న తెలుగు క్రైస్తవులంతా ఒకే ఇంట్లో ఉంటారన్నట్టు మాట్లాడితే ఆయన ఊరుకునే మనిషి కాదు. ఆ రోజు ఊరుకున్నాడు.

"ఇంతకీ ఏ దేశందయ్యా అది? నేత బాగుంది."

"సౌత్ ఆఫ్రికా అమ్మా."

"సౌత్ ఆఫ్రికాలో ఎక్కడ?"

"సిగ్నల్ కట్ అవుతోందమ్మా," అన్నాడు సుందర్ రాజ్.

గురువారం క్రిస్టీ దొరికింది. "అయ్యో అంకుల్, ఆ రోజు పద్నాలుగు మందికి కప్పాం," అంది. "సింగర్స్, సౌండ్ వాళ్ళు, చివరికి హాల్ మేనేజర్‌కి కూడా. ఎవరికి ఏది వెళ్ళిందో నాకెలా గుర్తుంటుంది? లిస్ట్ రాసి పెట్టుకోవాల్సింది."

లిస్టు అనే మాట వినగానే ఆయనకి లెవి మొహం గుర్తొచ్చింది. ఫోన్ పెట్టేశాడు. దారి అక్కడితో తెగిపోయింది.

శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి, చేయాల్సిన పని పదహారు నెలలు ఆలస్యంగా చేశాడు. రూతు ఫోన్‌లో ఉన్న ఆ ఫోటో పెట్టి వెతికితే, ఆ దుప్పటి ఏ దేశందో ఒక్క క్షణంలో తెలిసింది. లెసోతో.

చదవడం మొదలుపెట్టాడు. చుట్టూరా దక్షిణాఫ్రికా, మధ్యలో ఈ చిన్న దేశం. సముద్రం లేదు. దేశమంతా కొండలే, అక్కడ అన్నిటికన్నా పల్లపు నేల కూడా వెయ్యి మీటర్ల పైనే. చలికాలం మంచు పడుతుంది. గొర్రెలు, గుర్రాలు, భుజాన దుప్పటి. జనం ఇరవై లక్షల పైచిలుకు. ఒకడైతే మొసోతో, పదిమందైతే బసోతో, వాళ్ళ భాష సెసోతో. యుద్ధాల్లో చెల్లాచెదురైన మనుషుల్ని వాళ్ళ తొలి రాజు ఒక కొండ మీదికి చేర్చుకుని, వాళ్ళనే ఒక జాతిగా చేశాడు. ఆ తర్వాత ఎవరెంత మింగాలని చూసినా వాళ్ళు పక్క దేశంలో కలవలేదు. బయటివాళ్ళు మాత్రం ఇప్పటికీ దాన్ని దక్షిణాఫ్రికాలో ఒక ముక్క అనుకుంటారని అక్కడ రాసి ఉంది.

ఆ వాక్యం ఆయన మూడుసార్లు చదివాడు. 'మమ్మల్ని తీసుకెళ్ళి అందరిలో కలిపేయకండి' అని తన గొంతే తనకి వినిపించింది. తన ఊరిని ఫ్రిజ్ దాకా నడిపించి బతికించిన మనిషి దేశాన్ని, తను పక్క దేశంలో కలిపేశాడు.

దుప్పటి ఎలాగూ లేదు, కనీసం విషయాలైనా ఉండాలనుకుని శనివారమంతా కూర్చుని బట్టీ పట్టాడు. అట్ట ముక్క మీద రాసుకున్నాడు. కొండల ఎత్తు, నదుల పేర్లు, రాజధాని. ఇరవై రెండు పాయింట్లు వచ్చాయి.

"ఆ పెద్దాయన నలభై ఏళ్ళు జాగ్రఫీ చెప్పాడన్నారుగా," అంది రూతు. "ఆయన దేశం గురించి ఆయనకే చెప్తారా?"

ఆదివారం హాల్లో అడుగుపెట్టగానే సుందర్ రాజ్‌కి కళ్ళు తిరిగాయి. వేదిక మీద రెండు అట్ట జిరాఫీలు. బల్ల మీద చిరుతపులి మచ్చల గుడ్డ. మైకు పక్కన గాలి నింపిన సింహం. లెవి నిచ్చెనెక్కి తాటాకు బొమ్మలు వేలాడదీస్తున్నాడు.

"ఆఫ్రికా థీమ్ అంకుల్! కిడ్స్‌కి భలే నచ్చింది."

"లెవీ, అది కొండల దేశంరా. అక్కడ మంచు పడుద్ది."

"ఆఫ్రికాలో మంచేంటి అంకుల్, మీరు మరీను!" అని నవ్వేశాడు లెవి. రెండు రోజుల కిందటైతే తనూ అలాగే నవ్వేవాడినని సుందర్ రాజ్‌కి తెలుసు.

పులేంగ్ తండ్రిని తీసుకుని వచ్చింది. మొహాపి మాస్టారు సన్నగా పొడుగ్గా ఉన్నాడు, ఎనభై ఏళ్ళుంటాయి. గోధుమ రంగు సూటు, చేతిలో టోపీ. సుందర్ రాజ్‌ని చూడగానే "కొండిపర్రు!" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. "హా మొహాపి నుంచి కొండిపర్రుకి నమస్కారం. అది మా ఊరు. మా తాతల పేరే ఊరికి పెట్టారు."

అడగకుండానే ఊరి పేరు చెప్పేశాడు. చెబుతూనే ఆయన కళ్ళు సుందర్ రాజ్ భుజాల మీదికి వెళ్ళాయి. అక్కడ తెల్ల చొక్కా, టై తప్ప ఏమీ లేవు. ఆ కళ్ళు మర్యాదగా కిందికి దిగాయి.

"దుప్పటి?" అంది పులేంగ్ మెల్లగా.

"ఇంట్లో ఉంది. బయట ఎండ కదా," అన్నాడు సుందర్ రాజ్. చర్చి గుమ్మంలో నిలబడి చెప్పిన అబద్ధం.

ఆవిడ తలూపింది. నమ్మిందో లేదో తెలియలేదు. ముసలాయన వేదిక వైపు చూసి, జిరాఫీల్ని పరిశీలించి, "వీటిని నేను మొదటిసారి మొన్న గురువారం డాలస్ జూలో చూశాను. చాలా అందమైన జంతువులు," అన్నాడు.

పాటలయ్యాయి, ప్రార్థన అయింది. పాస్టరు గారు అతిథిని వేదిక మీదికి పిలిచారు. సుందర్ రాజ్ మెరూన్ శాలువా మడత విప్పుతూ మైకు దగ్గరికి వెళ్ళాడు. జేబులో ఇరవై రెండు పాయింట్లు ఉన్నాయి.

"అంకుల్, ఒక్క నిమిషం!" అని లెవి చేతిలో సంచితో పరుగెత్తుకొచ్చి మైకు అందుకున్నాడు. "ఆ పాతది వద్దు. ప్రైజ్ ది లార్డ్ సంఘమా! హెర్న్‌డన్‌లో క్రిస్మస్ ప్రోగ్రామ్‌కి వెళ్ళినప్పుడు నాకు ఒక స్పెషల్ శాలువా కప్పారు. ఇలాంటి రోజు కోసమే దాచి ఉంచాను. మన ఆఫ్రికా తండ్రిగారికి మన ఇండియా గుర్తుగా, ఒరిజినల్ కాశ్మీర్ శాలువా!"

సంచిలోంచి తీశాడు. ముదురు నీలం. ఆవపువ్వు రంగు చారలు.

సుందర్ రాజ్ గుర్తుపట్టాడు. నాలుగు రోజులు రెండు రాష్ట్రాలకి ఫోన్లు చేసి వెతికిన దుప్పటి పన్నెండు మైళ్ళ దూరంలో, తను అడగనని పంతం పట్టిన కుర్రాడి బీరువాలో ఉంది. లెవి దాన్ని ముసలాయన చుట్టూ అడ్డంగా చుట్టేశాడు. హాలంతా చప్పట్లు. ఫోన్లన్నీ పైకి లేచాయి.

ముసలాయన తన భుజం మీది ఊలుని చేత్తో తడిమాడు. దుప్పటి మూల ఆయన చేతి పక్కకి జారింది. ఎర్ర దారం కుట్టు దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. ముందు వరసలో పులేంగ్ సగం లేచి, మళ్ళీ కూర్చుంది.

"ట్రాన్స్‌లేట్ చేయండి అంకుల్," అన్నాడు లెవి.

ఒక్క వాక్యం. కాశ్మీరు శాలువా అని ఇంగ్లీషులో అనేస్తే అయిపోతుంది. ముసలాయన మర్యాదస్తుడు, ఏమీ అనడు. పులేంగ్ అసలే అనదు. ఇంటికెళ్ళిపోతుంది, మళ్ళీ ఎప్పుడూ ఫోన్ చేయదు. కార్యదర్శి పరువు నిలుస్తుంది. డబ్బా నిలుస్తుంది. ఆయన పులేంగ్ వైపు చూశాడు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయన్నే చూస్తోంది, గోడ పట్టుకుని ఆగిపోయిన రోజుల్లో చూసినట్టే.

"అయ్యా," అన్నాడు ఇంగ్లీషులో. "ఇది కాశ్మీరుది కాదు. మీదే. నేనే దీన్ని ఎవరికో కప్పేశాను. అప్పుడు నాకిది ఏమిటో తెలియదు. మీ అమ్మాయి ఆరు వారాలు నా ఊళ్ళో నడిచింది. నేను ఆమె ఊరి పేరైనా అడగలేదు. ఇందాక గుమ్మం దగ్గర మీతో అబద్ధం కూడా చెప్పాను."

దుబాసీ పని సగంలో ఆపకూడదు కాబట్టి అదే మాట తెలుగులోనూ చెప్పాడు. తన వాళ్ళ ముందు, తన భాషలో చెప్పడం ఇంకా కష్టమైంది. లెవి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

ముసలాయన కుట్టు మీంచి వేలు తీయలేదు. "ఏయే ఊళ్ళు వెళ్ళింది?" అని అడిగాడు.

"జార్జియాలో కమ్మింగ్. అక్కణ్ణుంచి వర్జీనియాలో హెర్న్‌డన్. మళ్ళీ ఇక్కడికి."

మాస్టారు కళ్ళు మూసుకుని, గాల్లో వేలితో గీతలు గీశాడు. "రెండువేల ఐదువందల మైళ్ళ పైనే," అన్నాడు. "మా దేశం ఎటు కొలిచినా రెండు వందల మైళ్ళు లేదు. నా దుప్పటి నాకన్నా ఎక్కువ ప్రపంచం చూసింది."

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు.

"నాకు కోపం రాలేదని చెప్పను," అన్నాడు. "ఈ కుట్టు నా భార్య చేతిది. కానీ తప్పు కొంత నాదీ ఉంది. పిన్ను లేకుండా పంపాను."

దుప్పటిని తన మీంచి తీశాడు. చారలు నిలువుగా వచ్చేలా తిప్పి సుందర్ రాజ్‌కి కప్పాడు. రెండంచులూ కుడి భుజం మీదికి తెచ్చి, కోటు జేబులోంచి వేలెడంత స్టీలు పిన్ను తీసి గట్టిగా బిగించాడు. "చారలు అడ్డంగా వేస్తే మనిషి ఎదుగుదల ఆగిపోతుందని మావాళ్ళ నమ్మకం," అన్నాడు. సుందర్ రాజ్‌ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు. "మీరింకా ఎదగాలి."

ఆ మాట సుందర్ రాజ్ తెలుగులోకి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు, అందరికీ అర్థమైంది.

ఆరాధన ఇంకా గంటన్నర జరిగింది. ఆ తర్వాత బయట టెంటు కింద బిర్యానీ. ఎండ నూటొక్క డిగ్రీలు. సుందర్ రాజ్ నీలం ఊలు కప్పుకునే వరసలో నిలబడ్డాడు, కప్పుకునే తిన్నాడు. చెమట చెవుల మీదుగా కారుతోంది. "తీసేయండి, ఎవరూ ఏమనుకోరు," అంది రూతు. ఆయన తల అడ్డంగా ఊపాడు. లెవి పళ్ళెం పట్టుకుని వచ్చి, "సారీ అంకుల్, నాకు తెలీదు," అన్నాడు. "నాకూ తెలీదురా," అన్నాడాయన. "రేపొచ్చి డబ్బా తీసుకెళ్ళు. ఆ ఎక్సెల్ ఏదో మొదలుపెట్టు."

పులేంగ్ వచ్చి ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది.

"తొంభై ఆరు," అంది. "కాస్త నడుద్దామా?"

"ఎక్కడి దాకా?"

ఆవిడ పార్కింగ్ లాట్ అవతల చెట్టు కింద ఆపిన తన కారు చూపించింది. "అదే నాన్న బడి. ఇక్కణ్ణుంచి అంతా ఎత్తే."

నడిచారు. వాగు దాటారు, గొర్రెల దొడ్డి దాటారు, వాళ్ళ అమ్మని సమాధి చేసిన చోటు దగ్గర ఒక నిమిషం ఆగారు. అక్కడ తెల్లటి వ్యాను ఒకటి పార్క్ చేసి ఉంది. సుందర్ రాజ్ ఆ ఊరి గురించి ఒకటి తర్వాత ఒకటి అడుగుతూనే ఉన్నాడు.

బడి ఇంకా నాలుగడుగులుందనగా, ఆ భవనం అసలు సొంతదార్లయిన తెల్లవాళ్ళ చర్చి నుంచి ఒకావిడ ఎదురొచ్చింది. చేతిలో పెద్ద గ్లాసు నిండా ఐస్ టీ.

"ఎంత బాగుందో! ఇది ఇండియా నుంచా?"

"కాదు మేడమ్. లెసోతో."

"ఓ, సౌత్ ఆఫ్రికాలోనా?"

సుందర్ రాజ్ ఆగాడు. భుజం మీది పిన్ను సర్దుకున్నాడు. "చుట్టూ సౌత్ ఆఫ్రికా, మేడమ్. లోపల లెసోతో," అన్నాడు. అక్కణ్ణుంచి మొదలుపెట్టి, ఆవిడ చేతిలో ఐస్ అంతా కరిగి టీ వేడెక్కేదాకా వదల్లేదు.